పనిచేసి అరిగిన పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి: కాపాడుకుంటూ నడపడం ఎలా

1941లో సైన్యం కోసం తయారీ మొదలైన విల్లీస్ ఎంబీ జీపు, 1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటారు ప్రదర్శనలో జనం ముందుకు వచ్చిన లాండ్ రోవర్, 1960 నుంచి 1984 దాకా తయారైన టయోటా ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జే40, ఇవన్నీ బరువులు మోయడానికీ, బురదలో దిగడానికీ, దారి లేని చోట దారి చేసుకోవడానికీ పుట్టిన బండ్లు. మీ దగ్గర ఉన్నది వీటిలో ఏదైనా కావచ్చు, వీటి సాటి మరొకటైనా కావచ్చు. దాని ఒంటి మీది సొట్టలు, ఎక్కి దిగేవారి రాపిడికి తలుపు అంచున పోయిన రంగు, గేరు లివరు గుండు మీద చెరిగిపోయిన అంకెలు అది చేసిన పనికి సాక్ష్యాలు. వాటిని తుడిచేసి బండిని మెరిపించడం డబ్బు పెడితే అయ్యే పనే కానీ, తుడిచేసిన తరువాత వాటిని తిరిగి తేవడం ఎంత డబ్బు పెట్టినా కాదు. బండిని ఉన్నది ఉన్నట్టుగా నిలుపుకుంటూ, భయం లేకుండా రోడ్డు మీదా రోడ్డు వదిలీ నడుపుకోవడానికి చేయవలసిన పనులను ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను.

స్పానరు పట్టుకునే ముందు ఒక హద్దు గీసుకోండి. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, ఇంధనం పైపులు, ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే ఉక్కు చట్రం) బలం, వీటి మీద మీ ప్రాణమూ, ఎదురుగా వచ్చేవారి ప్రాణమూ ఆధారపడి ఉంటాయి. ఇక్కడ పాతదనం మీద మమకారం పనికిరాదు. అరిగినది తీసేసి కొత్తది వేయవలసిందే. రంగు, బాడీ రేకులు, సీట్లు, మీటర్లు, పేరు పలకలు, బోల్టుల తలల మీది గుర్తులు హద్దుకు అవతలి వైపు ఉంటాయి. అక్కడ మీరు చేయవలసింది క్షయాన్ని ఆపడం వరకే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా పునరుద్ధరణ కంటే పరిరక్షణకే మొదటి చోటు ఇస్తుంది. ఏ పని చేసినా దాన్ని నమోదు చేసుకోవాలని చెబుతుంది.

మొదటి పని: ఉన్నదాన్ని నమోదు చేయడం

ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, గేర్ బాక్సు మీదా యాక్సిళ్ల మీదా ఉన్న గుర్తులు రాసుకోండి. పైనుంచీ కిందనుంచీ ఫొటోలు తీసి పెట్టుకోండి. మీ బండి నమూనాకూ, సంవత్సరానికీ సరిపోయే వర్క్‌షాప్ మాన్యువల్, విడిభాగాల కేటలాగు సంపాదించండి. స్పార్కు కోసం తెరుచుకునే పాయింట్ల గ్యాపు, వాల్వుల క్లియరెన్సు (వాల్వు దగ్గర వదలవలసిన సందు), నూనెల పరిమాణం, బోల్టుల బిగింపు ఒక్కో నమూనాకు ఒక్కో రకంగా ఉంటాయి కాబట్టి ఆ అంకెలకు మాన్యువలే ఆధారం; ఇతరుల జ్ఞాపకం ఎంత గట్టిదైనా దానికి సాటి రాదు. విప్పిన ప్రతి భాగాన్నీ, అది పనికిరాకపోయినా, చీటీ కట్టి దాచండి.

రెండవ పని: తుప్పును వెతికి ఆపడం

ఈ బండ్లను చంపేది ఇంజిన్ కాదు, తుప్పు. ఇంజిన్ ఆగిపోతే విప్పి బాగుచేసుకోవచ్చు, కానీ ఛాసిస్ లోపలినుంచి తినివేయబడితే ఆ సంగతి బయటికి తెలిసేటప్పటికి ఆలస్యమైపోతుంది. కాబట్టి ఈ పనికి తీరిక పెట్టుకోండి.

ముందు బండి అడుగు భాగాన్ని నీటితో బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఛాసిస్ పొడవునా నీరు బయటికి పోవడానికి పెట్టిన చిన్న రంధ్రాలు మట్టితో పూడుకుపోయి ఉంటాయి. వాటిని తీగతో తెరవండి. ఈ ఒక్క పని చేయకపోవడం వల్ల పాడైన ఛాసిస్‌లు ఎన్నో ఉన్నాయి. ఆరిన తరువాత చిన్న సుత్తితో అంగుళం అంగుళం తడుతూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు పొరలు కట్టిన చోట మొద్దు శబ్దం వస్తుంది. అనుమానం వచ్చిన చోట పాత స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కి చూడండి. అది లోపలికి దిగిందంటే అక్కడ ఇనుము మిగల్లేదని అర్థం.

ఏ బండికి ఎక్కడ చూడాలో తెలిస్తే సగం శ్రమ తగ్గుతుంది. లాండ్ రోవర్ సిరీస్ బండ్లలో వెనుక చివరి అడ్డ దూలం, ఛాసిస్ పక్కలకు పొడుచుకు వచ్చిన చేతులు, స్ప్రింగుల కొక్కేలు, కాళ్లు పెట్టుకునే చోట బల్క్‌హెడ్ (ఇంజినుకూ కూర్చునే చోటుకూ మధ్య ఉండే గోడ) అడుగు ముందుగా పోతాయి. బాడీ అల్యూమినియం మిశ్రమం కాబట్టి తుప్పు పట్టదని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అయితే అల్యూమినియం, ఉక్కు తాకే చోట తడి చేరితే రెండింటి మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై అల్యూమినియమే తెల్లటి పొడిగా రాలిపోతుంది. అలాంటి అతుకుల దగ్గర ఆ రెండు లోహాలూ నేరుగా తగలకుండా మధ్యలో పలుచని పొర వేయాలి. విల్లీస్ జీపుల్లో పనిముట్ల పెట్టె అడుగునా, నేల రేకు కింద ఉండే టోపీ ఆకారపు పట్టీలలోనూ తేమ నిలుస్తుంది. ల్యాండ్ క్రూజర్ ఎఫ్‌జే40లో వెనుక చక్రాల వంపులను, వెనుక తలుపు కింది అంచును శ్రద్ధగా చూడండి.

దొరికిన తుప్పును రెండు రకాలుగా విడదీయండి. ఎప్పుడో పట్టి, గట్టిపడి, రాలకుండా నిలిచిన పలుచని గోధుమ రంగు పొర ఒకటి. రేకులు రేకులుగా ఊడుతూ లోపలికి పాకేది రెండవది. మొదటిదాన్ని శుభ్రం చేసి పలుచగా నూనె లేక మైనం పూస్తే అలాగే నిలిచిపోతుంది. రెండవదాన్ని ఊడదీసి, గట్టి ఇనుము కనిపించే దాకా గీకి, తుప్పు నిరోధక ప్రైమరు వేయాలి. ఛాసిస్ పెట్టె లోపలి భాగానికి పొడవాటి గొట్టం గల పరికరంతో కేవిటీ మైనం (బోలు భాగాల లోపల చిమ్మే తుప్పు నిరోధక మైనం) చిమ్మి, రెండేళ్లకోసారి చూసి మళ్లీ చిమ్మండి. తుప్పు మీద నేరుగా దట్టమైన రబ్బరు పూత మాత్రం వేయకండి. అది ఎండిన కొద్దీ పగిలి తడిని లోపలికి తీసుకుని అక్కడే బంధిస్తుంది. కింద ఏమి జరుగుతున్నదో పైకి కనపడదు. నా దృష్టిలో పాత బండికి జరిగే హానిలో ఇది అన్నిటికంటే బాధాకరమైనది, ఎందుకంటే యజమాని దాన్ని రక్షణ అనుకునే చేయిస్తాడు.

బరువు మోసే చోట చిల్లు పడితే వెల్డింగు తప్పదు. చెడిన భాగాన్ని గట్టి ఇనుము వచ్చే దాకా కోసి, అదే మందం గల ఉక్కు ముక్క పెట్టించండి. పాత రేకు మీద కొత్త రేకు అతికిస్తే రెండింటి మధ్య తుప్పు మళ్లీ మొదలవుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పడం, ఇంధనం ట్యాంకును బండినుంచి దింపి దూరంగా పెట్టడం తప్పనిసరి.

పై రంగు విషయంలో చేయి వెనక్కి తీసుకోవడమే ఎక్కువ పని. మృదువైన సబ్బు నీటితో, మెత్తటి గుడ్డతో కడగండి. పాలిష్ చేయాలనుకుంటే కనపడని మూలలో పరీక్షించి చూడండి. పాతకాలపు ఒకే పొర రంగుకు పైన రక్షణ లక్కర ఉండదు కాబట్టి గుడ్డకు బండి రంగే అంటుకుంటుంది, అంచుల మీద పలుచబడిన చోట నాలుగు రుద్దులకే ప్రైమరు బయటపడుతుంది. రాపిడి లేని మైనం పలుచగా పూసి వదిలేస్తే చాలు. చిరిగిన సీటు కాన్వాసును కింద గుడ్డ పెట్టి కుట్టించండి. మొత్తం తీసి కొత్తది వేయించడం సులువైనా, పాతది నిలవగలిగినంత కాలం నిలవనివ్వండి.

మూడవ పని: బ్రేకులు, స్టీరింగు, టైర్లు

ఈ తరం బండ్లలో చాలావాటికి డ్రమ్ము బ్రేకులు, ఒకే ఒక హైడ్రాలిక్ సర్క్యూట్ ఉంటాయి. ఎక్కడ ఒక్క పైపు పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. అందువల్ల ఉక్కు పైపులను చివరి నుంచి చివరి దాకా చేతితో తడిమి చూసి, తుప్పు గరుకు తగిలినవి మార్చండి. రబ్బరు హోసుల వయసు తెలియకపోతే అన్నింటినీ మార్చండి. అవి పైకి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి, పెడల్ వదిలిన తరువాత కూడా బ్రేకును పట్టి ఉంచుతాయి. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే గుణం కలది కాబట్టి రెండేళ్లకోసారి మొత్తం తీసి కొత్తది పోయండి. బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగితే, లాగిన పక్కకు ఎదురు వైపు చక్రంలో ముందుగా చూడండి. యాక్సిల్ సీలు కారి నూనె బ్రేకు షూ మీద పడి ఉండవచ్చు. అలాంటప్పుడు షూ మార్చే ముందు సీలు మార్చాలి.

హ్యాండ్ బ్రేకు గురించి ఒక ముఖ్యమైన సంగతి ఉంది. లాండ్ రోవర్ సిరీస్ బండ్లలోనూ విల్లీస్ జీపుల్లోనూ అది చక్రాల మీద కాక, ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే పెట్టె) వెనుక, ప్రొపెల్లర్ షాఫ్టు (ఆ శక్తిని యాక్సిల్‌కు చేర్చే పొడవాటి కడ్డీ) మీద పనిచేస్తుంది. నడుస్తున్న బండిలో దాన్ని లాగితే షాఫ్టూ యాక్సిలూ దెబ్బతింటాయి. అంతకంటే ప్రమాదకరమైనది జాకీ మీద ఎత్తినప్పుడు ఎదురవుతుంది. వెనుక చక్రం ఒకటి నేల విడిచిందంటే, డిఫరెన్షియల్ (రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల ఆ చక్రం గాలిలో తిరుగుతూ రెండవ చక్రాన్ని దొర్లనిస్తుంది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి ఉన్నా బండి జాకీ మీదనుంచి జారిపోతుంది. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టకుండా ఎప్పుడూ ఎత్తకండి. స్టాండులు లేకుండా బండి కిందికి ఎప్పుడూ వెళ్లకండి.

స్టీరింగులో ఆట, అంటే వదులు, ఎంత ఉందో చూడటానికి ఒకరిని స్టీరింగు చక్రం అటూ ఇటూ కొద్దిగా తిప్పమని, మీరు కింద కూర్చుని ఒక్కో కీలునూ వేళ్లతో పట్టి చూడండి. టై రాడ్ చివరలు, స్టీరింగ్ బాక్సును ఛాసిస్‌కు బిగించే బోల్టులు, చక్రాల బేరింగులు, కింగ్ పిన్నులు (ముందు చక్రాలు పక్కలకు తిరిగే ఇరుసు సీలలు), స్ప్రింగుల బుష్‌లు ఒకదాని తరువాత ఒకటి పరీక్షించండి. స్టీరింగ్ బాక్సు పైన ఉండే సర్దుబాటు స్క్రూను బిగించి ఆట పోగొట్టాలని చాలామంది చూస్తారు. ఆట వేరే కీళ్లలో ఉన్నప్పుడు అలా బిగిస్తే స్టీరింగు చక్రం మధ్యలో పట్టేసి, మలుపు తరువాత దానంతట అది తిరిగి రాదు. వేగంలో ఒక గుంత తగలగానే ముందు చక్రాలు ఆపకుండా వణకడం మొదలైతే, అది టైర్ల గాలి, బ్యాలెన్సు, బేరింగులు, కింగ్ పిన్నులలో ఎక్కడో వదులు ఉందని చెప్పడమే. స్టీరింగ్ డ్యాంపరు (కుదుపును మింగే గొట్టం) తగిలించడం వల్ల వణుకు కప్పబడుతుంది, కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది.

టైర్ల పక్కన ముద్రించిన నాలుగంకెల సంఖ్య చూడండి. అందులో మొదటి రెండంకెలు తయారైన వారాన్ని, చివరి రెండంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది, వెంటనే తీసేయవలసినది. గాట్లు ఎంత లోతుగా ఉన్నా పదేళ్లు దాటిన టైరు మీద ప్రయాణం చేయకండి. నాలుగు టైర్లూ ఒకే కొలతవి, దాదాపు ఒకే అరుగుదల గలవి కావాలి. చుట్టుకొలతలు తేడాగా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు ముందూ వెనుకా షాఫ్టుల మధ్య అనవసరమైన మెలిక పడుతుంది. పాత రకం బయాస్ ప్లై టైర్లనూ రేడియల్ టైర్లనూ కలిపి వాడకండి.

నాలుగవ పని: నూనెలు, గ్రీజు

పాత గేర్ బాక్సుల్లో సింక్రో రింగులు (గేరు శబ్దం లేకుండా పడేలా వేగాలను కలిపే ఉంగరాలు), బుష్‌లు ఇత్తడి, కంచు వంటి లోహాలతో చేసి ఉంటాయి. కొత్తది కాబట్టి మంచిదనుకుని జీఎల్-5 రకం నూనె (డబ్బా మీద రాసి ఉండే గేరు నూనె తరగతి) పోస్తే, అందులోని కొన్ని రసాయనాలు ఆ లోహాలకు హాని చేయవచ్చు. మాన్యువల్ వేరుగా చెప్పకపోతే గేర్ బాక్సుకు జీఎల్-4 రకమే సురక్షితం. హైపాయిడ్ పళ్లున్న (ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకునే వంకర పళ్లు) డిఫరెన్షియల్‌కు మాత్రం జీఎల్-5 అవసరం. ఇంజిన్ నూనె విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఈ ఇంజిన్లలో చాలావాటికి క్యామ్ మీద నేరుగా రాసుకునే చదును ట్యాపెట్లు ఉంటాయి. వాటిని కాపాడే జింక్ సమ్మేళనం నేటి నూనెల్లో తగ్గింది కాబట్టి, పాత బండ్ల కోసమే తయారుచేసిన నూనె వాడడం మేలు.

కారడం గురించి ఎక్కువ బెంగపడకండి. అతుకుల చుట్టూ చెమ్మ ఉండడం ఈ బండ్లకు సహజం, బొట్లు బొట్లుగా రాలితేనే సీలు చూడాలి. కానీ నూనె మట్టాలు నెలకోసారి చూడడం మానకండి. నూనె పాల రంగుకు తిరిగి ఉంటే లోపలికి నీరు చేరిందని తెలుసుకుని, వెంటనే మార్చండి. యాక్సిళ్ల మీద చిన్న గాలి రంధ్రపు బిరడాలు ఉంటాయి. మట్టి పట్టి అవి మూసుకుపోతే వేడెక్కిన గాలికి దారి దొరక్క, నూనె సీళ్లనుంచే బయటికి వస్తుంది. కొత్త సీలు వేసినా మళ్లీ మళ్లీ కారుతున్నదంటే ముందు ఆ బిరడాను శుభ్రం చేయండి.

ప్రొపెల్లర్ షాఫ్టు యూనివర్సల్ జాయింట్లు, జారే స్ప్లైన్, స్ప్రింగుల షాకిళ్లు, స్టీరింగ్ కీళ్లు, వీటిలో నిప్పిల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉన్న ప్రతిచోటా మాన్యువల్ చెప్పిన దూరానికి గ్రీజు పెట్టండి. నిప్పిల్‌ను ముందు గుడ్డతో తుడవండి. తుడవకపోతే గ్రీజుతో పాటు ఇసుకను కూడా లోపలికి ఎక్కించినట్టే. నీటిలో దిగి వచ్చిన రోజున దూరంతో పనిలేకుండా మళ్లీ పెట్టండి.

ఐదవ పని: ఇంధనం, కరెంటు

ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది, పగలగొడుతుంది. దానికి తట్టుకునే పైపులు వేయించండి, ప్రతిసారీ బానెట్ ఎత్తినప్పుడు వాసన చూడండి. సీసం లేని పెట్రోలుతో ఎక్కువ బరువు మోస్తూ, ఎక్కువ వేగంలో నడిపితే పాత వాల్వు సీట్లు అరుగుతాయి. ఎప్పుడైనా సిలిండర్ హెడ్ దింపినప్పుడు గట్టి సీట్లు వేయించుకోవచ్చు, అంతవరకూ వాల్వుల క్లియరెన్సు తరచుగా చూస్తే చాలు. బ్యాటరీ తగిలించే ముందు మీ బండికి ఎర్త్ ఏ వైపో, అంటే బ్యాటరీ ఏ కొన బండి ఇనుముకు కలుస్తుందో, నిర్ధారించుకోండి, ఎందుకంటే 1960ల నడిమి దాకా వచ్చిన లాండ్ రోవర్లలో ఎక్కువ వాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది. లైట్లు మసకగా వెలిగితే తీగలు మార్చే ముందు ఎర్త్ కనెక్షన్లను విప్పి, లోహం మెరిసేలా గీకి బిగించండి.

ఇక నడపడం

ఇంజిన్ స్టార్టు కాగానే రేసు పెంచకండి, నిలబెట్టి చాలాసేపు ఐడిల్‌లోనూ వదలకండి; నూనె ఒత్తిడి కనబడగానే నెమ్మదిగా కదిలి, గేర్ బాక్సు నూనె కూడా వేడెక్కే దాకా తక్కువ వేగంతో వెళ్లండి. 1971లో వచ్చిన సిరీస్ త్రీకి ముందటి లాండ్ రోవర్లలో మూడు, నాలుగు గేర్లకే సింక్రో ఉంది. విల్లీస్ మూడు గేర్ల బాక్సులో మొదటి గేరుకు లేదు. అలాంటి గేరుకు దిగేటప్పుడు క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి కొద్దిగా యాక్సిలరేటరు ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. ఇది చేతికి వచ్చిన తరువాత గేరు శబ్దం లేకుండా పడుతుంది. ఆ తృప్తి కోసమైనా నేర్చుకోవలసిన విద్య ఇది. బ్రేకు దూరం నేటి కార్ల కంటే ఎంతో ఎక్కువ కాబట్టి ముందు బండికి మధ్య ఖాళీని మీరే వదులుకోవాలి, ఆ ఖాళీలోకి వేరేవారు దూరితే మళ్లీ వదలాలి.

ఈ బండ్లలో ఎక్కువ వాటికి ముందు, వెనుక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. బురదలో, ఇసుకలో ఆ తేడా చక్రాల జారుడులో కలిసిపోతుంది కానీ, పొడి తారు రోడ్డు మీద పోవడానికి చోటు లేక షాఫ్టుల్లో మెలికగా నిలుస్తుంది. కాబట్టి గట్టి పొడి నేల మీద ఫోర్ వీల్ వేయకండి. తీయడానికి లివరు కదలకపోతే బలవంతం చేయకుండా, కొంత దూరం తిన్నగా వెనక్కి నడిపితే మెలిక విడిపోతుంది. లాండ్ రోవర్‌లో పసుపు గుండు నొక్కితే హై రేంజిలో (మామూలు వేగపు గేర్లలో) ఫోర్ వీల్ పడుతుంది, ఎర్ర గుండు లివరును వెనక్కి లాగితే లో రేంజి (నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే గేర్లు) వస్తుంది. విల్లీస్‌లో ముందు యాక్సిల్ లివరు వేసిన తరువాతే లో రేంజి పడుతుంది. ఏ బండిలోనైనా లో రేంజికి మారడం బండి ఆగి ఉన్నప్పుడే చేయండి. ముందు చక్రాలకు ఫ్రీ వీలింగ్ హబ్బులు (చక్రాలను యాక్సిల్‌తో కలిపి, విడదీసే మీటలు) ఉంటే అప్పుడప్పుడు వాటిని లాక్ చేసి కొంత దూరం నడపండి. అలా చేయకపోతే ముందు యాక్సిల్ లోపలి భాగాలకు నూనె అందదు.

రాళ్ల మీద నడిపేటప్పుడు బొటనవేళ్లను స్టీరింగు లోపలికి చుట్టకండి. పవర్ లేని ఈ స్టీరింగులో చక్రానికి రాయి తగిలితే ఆ దెబ్బ నేరుగా చేతికి వచ్చి, తిరిగే స్టీరింగు చక్రపు పుల్ల బొటనవేలిని విరవగలదు. వేళ్లన్నీ బయటి అంచు మీదే ఉంచండి. నిటారు పల్లంలో లో రేంజి మొదటి గేరు వేసి, క్లచ్ మీదనుంచి కాలు పూర్తిగా తీసి, ఇంజినే బండిని పట్టుకునేలా దిగండి. సగంలో క్లచ్ తొక్కితే బండి మీ చేతినుంచి పోతుంది.

నీటిలో దిగే ముందు నడిచి వెళ్లి లోతూ అడుగూ చూడండి. తరువాత బండిని ఆపి కొంతసేపు చల్లారనివ్వండి. వేడి యాక్సిల్ ఒక్కసారిగా చల్లటి నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని, సీళ్లగుండా నీటిని లోపలికి పీలుస్తుంది. నీరు ఫ్యానును అందుకునేంత లోతు ఉంటే ఫ్యాన్ బెల్టు తీసి దిగడం పాత పద్ధతి, ఇప్పటికీ మంచిదే. ఒడ్డుకు వచ్చాక బ్రేకును తేలికగా తొక్కుతూ కొంత దూరం నడిపి డ్రమ్ములు ఆరబెట్టండి.

నడపని రోజుల్లో

బండిని నిలబెట్టి వారానికోసారి అయిదు నిమిషాలు ఇంజిన్ తిప్పి ఆపడం మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపడం వల్ల తేమ నూనెలోనూ సైలెన్సర్‌లోనూ చేరి అక్కడే నిలుస్తుంది. నెలకోసారి అన్నీ వేడెక్కేటంత దూరం, అన్ని గేర్లూ వాడుతూ నడపండి. అది కుదరకుండా నెలల తరబడి ఆపవలసి వస్తే ఇంజిన్ నూనె మార్చి ఆపండి, బ్యాటరీ తీసి విడిగా చార్జిలో ఉంచండి, టైర్లలో గాలి కొంచెం పెంచండి, హ్యాండ్ బ్రేకు వదిలి చక్రాలకు దిమ్మలు పెట్టండి. తడి చోట క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అంటుకుపోతుంది కాబట్టి, చెక్క ముక్కతో పెడల్‌ను తొక్కిన స్థితిలో నిలిపి ఉంచండి. మీద ప్లాస్టిక్ పట్టా కప్పకండి. గాలి ఆడే గుడ్డ కప్పి, రెండు మూడు వారాలకోసారి దాన్ని తొలగించి, సీట్ల కిందా ఎయిర్ ఫిల్టర్ గొట్టంలోనూ ఎలుకలు గూడు పెట్టాయేమో చూడండి.